ఆ నెల జీతాల బిల్లు రెండుసార్లు చేశాను

2020 మార్చి జీతాల బిల్లు మొదటిసారి చేసింది జనతా కర్ఫ్యూకి రెండు రోజుల ముందు. రెండోసారి చేసింది ఏప్రిల్ మొదటి వారంలో, ముక్కుకి చున్నీ కట్టుకుని, ఖాళీ ఆఫీసులో, ఒక్కదాన్నే కూర్చుని. మొదటి బిల్లుకి గంటన్నర పట్టింది. రెండోదానికి పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా పట్టింది. లెక్క కష్టమై కాదు. ఒక్కో పేరు దగ్గరా చెయ్యి ఆగిపోయేది.

నేను గుంటూరులో ఒక జిల్లా స్థాయి కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. ఏ శాఖో చెప్పను, చెబితే ఇందులో ఎవరు ఎవరో మా వాళ్ళు పది నిమిషాల్లో పట్టేస్తారు. జీతాలు, ఇంక్రిమెంట్లు, సరెండర్ లీవులు, కరెంటు బిల్లు, అద్దె బిల్లు, డబ్బుతో పనున్న ప్రతి కాగితమూ నా సీటు మీదుగానే పోతుంది. నలభై మూడు మందికి ఒకటో తారీఖున ఫోనులో ‘క్రెడిటెడ్’ అని మోగితే అది నేను బాగా పని చేసినట్టు. మోగకపోతే నలభై మూడు మందీ నాకే ఫోను చేస్తారు. ఎవరికి ఎంత లోను పోతోందో, ఎవరి ప్రభుత్వ జీవిత బీమా (ఏపీజీఎల్ఐ) ప్రీమియం ఎంతో, సొసైటీ అప్పు ఎవరికి ఎన్ని వాయిదాలు మిగిలిందో నాకు కంఠతా వచ్చు. కొందరి ఇళ్ళల్లో వాళ్ళకి తెలియనివీ నాకు తెలుసు.

మార్చి 31 రాత్రి భోజనాలయ్యాక ఫోను మోత మొదలైంది. జీవో నంబరు 26, లాక్‌డౌన్‌తో ఖజానాకి రాబడి ఆగింది కాబట్టి జీతాల్లో కొంత ఆపమని. ముందు రోజే తెలంగాణలో ఇలాంటి ఉత్తర్వు వచ్చింది కాబట్టి మనకూ తప్పదని అనుకుంటూనే ఉన్నాం. ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేలకు నూటికి నూరు శాతం, ఐఏఎస్, ఐపీఎస్‌లకు 60, మాలాంటి వాళ్ళకు 50, నాలుగో తరగతి వాళ్ళకు 10. పింఛన్లలోనూ సగం. ఇది కోత కాదట, వాయిదాయట.

మా మామయ్య గారు జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. లెక్కల మాస్టారు. కళ్ళజోడు పెట్టుకుని నా ఫోనులోనే జీవో మొత్తం చదివారు.

“ఏ తారీఖుకి తిరిగిస్తారో ఉందామ్మాయ్?”

“కనపడలేదు మామయ్య గారూ.”

“వాయిదా అంటే అప్పు కదా. అప్పు తీసుకునేవాడు తారీఖూ చెప్పాలి, వడ్డీ చెప్పాలి. ఈ కాగితంలో రెండూ లేవు.” ఫోను నా చేతికిచ్చి పడుకోవడానికి వెళ్ళిపోయారు. ఆ మాట అప్పుడు నాకు ముసలాయన చాదస్తంలా అనిపించింది. పది నెలల తర్వాత సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది ఆ మాటే.

బిల్లు మళ్ళీ చేసిన రోజు గుర్తుంది. బ్రాడీపేట నుంచి ఆఫీసు దాకా రెండు చోట్ల పోలీసులు ఆపి ఐడీ కార్డు చూశారు. శంకర్ విలాస్ ఫ్లైఓవర్ మీద ఒక కుక్క నడి రోడ్డున పడుకుని ఉంది, నా స్కూటీని చూసి కూడా లేవలేదు. ఆఫీసులో అటెండరు తాళం తీసి, దూరంగా నిలబడి, “నాకు పదే పోతుందంట కదా మేడమ్” అన్నాడు. అతని గొంతులో ఉన్నది సంతోషం కాదు, మొహమాటం. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో మొదటిసారి మాకంటే అతనికి చేతికొచ్చేది ఎక్కువ వంతు.

ఫోన్లు మామూలే. ఒకాయన కూతురికి మేలో పెళ్ళి, కల్యాణ మండపానికి అడ్వాన్సు ఇచ్చేశాడు. ఒకావిడ భర్తకి వారానికి రెండు డయాలసిస్‌లు. టైపిస్టు అమ్మాయి మాత్రం ఏమీ అడగలేదు, “మీదీ సగమేనా అక్కా?” అని పెట్టేసింది. నాలుగైదు రోజుల్లో పోలీసులకీ, వైద్య ఆరోగ్య శాఖకీ, పారిశుద్ధ్య కార్మికులకీ పూర్తి జీతం ఇస్తామని ఇంకో జీవో వచ్చింది. అది న్యాయమే. దాని మీద మా ఆఫీసులో కూడా ఎవరూ కిమ్మనలేదు.

నన్ను ఇబ్బంది పెట్టింది మా పక్క వాటాలో ఉండే అమ్మాయి. ప్రైవేటు స్కూల్లో టీచరు. మార్చిలో పనిచేసిన రోజులకి కూడా వాళ్ళకి జీతం ఇవ్వలేదు. తర్వాతి నెలల సంగతి చెప్పనక్కర్లేదు. ఒక రోజు డాబా మీద బట్టలారేస్తుంటే నేను సగం జీతం అని ఏదో వాపోయాను. ఆ అమ్మాయి నవ్వి, “సగమన్నా పడింది కదండీ” అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది. ఆ తర్వాత ఆ డాబా మీద జీతం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఇంటి లోను వాయిదా నాకు నెలకి 14,200. రిజర్వు బ్యాంకు మూడు నెలల మారటోరియం ఇచ్చింది, తర్వాత దాన్ని ఆగస్టు ఆఖరు దాకా పొడిగించింది. బ్యాంకుకి ఫోను చేసి మారటోరియం పెట్టమన్నాను. అక్కడి కుర్రాడు మంచివాడు, ఓపికగా చెప్పాడు: “వాయిదా కట్టక్కర్లేదు మేడమ్, కానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మీ బాకీ మీద మూడు నెలలకి ఇరవై మూడు వేల దాకా అసలుకి చేరుతుంది.” వద్దని చెప్పి, గొలుసు తాకట్టు పెట్టి వాయిదా కట్టాను. రాత్రి మామయ్య గారితో చెబితే ఆయన నవ్వారు. “చూశావా, బ్యాంకు వాడికి వాయిదా అంటే వడ్డీ. సర్కారుకి వాయిదా అంటే మౌనం.”

ఏప్రిల్లో మళ్ళీ సగమే. పింఛన్లు మాత్రం ఆ నెలాఖరున వచ్చిన జీవోతో పూర్తిగా ఇచ్చారు.

ఇక్కడిదాకా అందరి కథే. నాకు వేరుగా జరిగింది ఇంకొకటి ఉంది, నిజానికి ఇదంతా రాయడానికి కారణం అదే.

ఏప్రిల్ జీతాలు సగానికి తగ్గించి బిల్లు చేసిన అదే రోజు, అదే బల్ల మీద, ఇంకో బిల్లు ఉంది. మా రికార్డు రూము అద్దె. నెలకి 9,000. ఆఫీసులో చోటు చాలక పన్నెండేళ్ళ కిందట వెనక వీధిలో ఒక ఇంటి కింద భాగం అద్దెకి తీసుకున్నారు. అందులో ఇనప ర్యాకులు, వాటిల్లో గుడ్డ మూటలు, మూటల్లో పాత ఫైళ్ళు. దానికి కాపలాగా ఒక అటెండరు పోస్టు. నేను ఆ గదిలోకి వెళ్ళింది సర్వీసులో నాలుగే నాలుగుసార్లు.

మా ఫైళ్ళ పద్ధతి తెలియని వాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి టోటెన్‌హామ్ పద్ధతి ఇప్పటికీ మా కార్యాలయాల్లో నడుస్తోంది. ప్రతి ఫైలూ ముగిసేటప్పుడు దాని నెత్తిన ఒక గుర్తు పడుతుంది. ఆర్.డిస్ అంటే ఎప్పటికీ దాచాలి. డి.డిస్ అంటే పదేళ్ళు. ఎల్.డిస్ అంటే కొద్దికాలం ఉంచి చించేసే కాగితం. గడువు తీరినవాటిని జాబితా రాసి, అధికారి సంతకం తీసుకుని, నాశనం చేయాలి. నియమం అంత స్పష్టంగా ఉంది. మా రికార్డు రూములో 1994 నాటి డి.డిస్ మూటలు ఉన్నాయి. అంటే పదహారేళ్ళ కిందటే పోవాల్సిన కాగితాలకి మేము నెలనెలా అద్దె కడుతున్నాం.

జీతం సగం చేసి, అద్దె పూర్తిగా పెట్టాను. ఖజానా వాళ్ళకి రెండూ ఒకటే, బిల్లులు. నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

జూన్‌లో ఆఫీసు కాస్త తెరిచాక, ఆ గది ఖాళీ చేద్దామని ప్రతిపాదిస్తూ నోట్ ఫైలు పెట్టాను. ఎంతో ఆలోచించి రాశాను, ఇంటి దగ్గర రెండుసార్లు చిత్తుప్రతి రాసుకుని మరీ. గడువు తీరిన ఫైళ్ళు ఏరేస్తే మిగిలేవి ఆఫీసులోని రెండు బీరువాలు, మెట్ల కింద చోటు సరిపోతాయి. ఏడాదికి లక్షా ఎనిమిది వేలు మిగులుతుంది. అటెండరుని తపాలా సెక్షన్లో వేసుకోవచ్చు, అక్కడ మనిషి లేక మూడేళ్ళయింది. దాంతో పాటు ఇంకో చిన్నది: పని చేయని రెండో ల్యాండ్‌లైనుకి నెలనెలా కడుతున్న అద్దె. జీతాల లెక్క ముందు ఇవి చిల్లర అని నాకూ తెలుసు. ఒక్క ఆఫీసు చిల్లర. కానీ జిల్లాలో ఇలాంటి ఆఫీసులు ఎన్నున్నాయో, వాటి వెనక వీధుల్లో ఎన్ని గదులున్నాయో కొంచెం ఊహించుకుంటే అంత చిల్లరగా అనిపించలేదు.

సూపరింటెండెంట్ గారు నోట్ ఫైలు చదివి కళ్ళజోడు తీశారు. “బాగా రాశారమ్మా. కానీ రేపు ఆడిట్ వాళ్ళు 1996 ఫైలు అడిగితే?” గడువు తీరాక అడగరండీ అన్నాను. “అడగరు. అడిగితే?” అన్నారు. ఫైలు మీద ‘చర్చించగలరు’ అని రాసి కింద పెట్టారు. మా ఆఫీసుల్లో ఆ మాట రాశారంటే ఆ ఫైలుకి దీర్ఘాయుష్షు.

వారం తిరక్కుండా రికార్డు రూము అటెండరు నా దగ్గరికొచ్చాడు. “మీకు నేనేం అన్యాయం చేశాను మేడమ్?” అన్నాడు. అతని జీతం పోదనీ, పోస్టు పోదనీ, పది అడుగుల దూరంలో ఇంకో కుర్చీ అనీ ఎంత చెప్పినా వినలేదు. మధ్యాహ్నాలు అక్కడ ఫ్యాను కింద ప్రశాంతంగా ఉంటుంది, ఆ సంగతి నాకూ తెలుసు. మర్నాడు మా సంఘం నాయకుడు ఫోను చేశారు. పెద్దమనిషి, మా కోసం చాలా తిరిగిన మనిషి, ఆయనంటే నాకు గౌరవం ఉంది. “ఇలాంటివి నీ చేత్తో రాయకమ్మా. ఇవాళ గది అంటావు, రేపు పోస్టు అంటారు. పై వాళ్ళకి దారి చూపించినట్టవుతుంది.” నేను నోరు తెరిచేలోపే, “జీతాల మీద పోరాడుతున్నాం, ముందు అది చూద్దాం” అని పెట్టేశారు.

ఆయన భయం ఉత్తిదని నేను అనను. 90ల చివర, 2000 తర్వాత ‘సంస్కరణలు’ అన్న మాటతో ఎన్ని సంస్థలు మూతపడ్డాయో, స్వచ్ఛంద విరమణ (వీఆర్ఎస్) డబ్బులు ఎంత తొందరగా కరిగిపోయాయో చూసిన తరం ఆయనది. సంస్కరణ అంటే ఆయనకి తాళం కప్ప గుర్తొస్తుంది. నాకేమో ఆ తాళం వేయాల్సింది పనికిరాని మూటలకే కదా అనిపిస్తుంది. ఇద్దరం ఒకే ఆఫీసు మనుషులమే, ఒకే జీవోతో సగం జీతం తీసుకున్నవాళ్ళమే.

మా తమ్ముడు డబ్లిన్‌లో ఉంటాడు. ఆ రోజుల్లో ప్రతి ఆదివారం వీడియో కాల్ చేసేవాడు. నేను ఈ గొడవ చెబుతుంటే వాడు, “అక్కా, ఇక్కడ ఇదంతా పదేళ్ళ కిందటే అయింది” అన్నాడు. వాడు అక్కడికి వెళ్ళింది తర్వాతే అయినా, వాడితో పనిచేసే ఐరిష్ నర్సులు ఇంకా ఆ మాటలే చెప్పుకుంటారట. 2008లో అక్కడి బ్యాంకులు కూలి, ఖజానా ఖాళీ అయ్యాక, 2009లో ప్రభుత్వోద్యోగుల మీద ముందు పింఛను లెవీ వేశారు. 2010 జనవరి నుంచి జీతాలే కోశారు: మొదటి 30 వేల యూరోల మీద 5 శాతం, ఆ పై 40 వేల మీద ఏడున్నర, ఆ పైన 10. వాయిదా కాదు, కోతే.

“మరి ఊరుకున్నారా?”

“ఊరుకోలేదు, సమ్మెలు చేశారు. తర్వాత కూర్చుని కాగితం రాసుకున్నారు.”

ఆ కాగితం పేరు క్రోక్ పార్క్ ఒప్పందం. క్రోక్ పార్క్ అంటే డబ్లిన్‌లో పెద్ద ఆటస్థలం, చర్చలు అక్కడ జరిగాయి కాబట్టి ఆ పేరు. 2014 దాకా ఇంక జీతాలు ముట్టుకోబోమని, బలవంతంగా ఎవరినీ ఇంటికి పంపబోమని ప్రభుత్వం రాసిచ్చింది. బదులుగా పని పద్ధతులు మార్చుకుంటామని, 45 కిలోమీటర్ల లోపల ఎక్కడికి వేస్తే అక్కడికి వెళ్తామని ఉద్యోగులు రాసిచ్చారు. అదేం స్వర్గం కాదు. 2013లో పెద్ద జీతాలవాళ్ళకి మళ్ళీ కోత పడిందని వాడే చెప్పాడు. కొత్తగా చేరినవాళ్ళకి తక్కువ స్కేలు పెట్టారని నర్సులు ఇప్పటికీ తిట్టుకుంటారట. అయినా ఒక్కటి నా మనసులో నాటుకుపోయింది. డబ్బు గురించి మాట్లాడిన బల్ల మీదే పని గురించి కూడా మాట్లాడారు. మా అటెండరుని పది అడుగులు జరపడానికి ఇక్కడ ‘చర్చించగలరు’ పడితే, అక్కడ 45 కిలోమీటర్లు రాసుకున్నారు.

ఆగస్టులో మా హైకోర్టు తీర్పు చెప్పింది. విశాఖలో ఉండే ఒక విశ్రాంత జిల్లా జడ్జి వేసిన పిటిషన్ మీద, ఆపిన జీతాలు, పింఛన్లు 12 శాతం వడ్డీతో ఇమ్మంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఈలోగా ఆ ఏడాది చివర్లో మాకు అసలు ఇచ్చారు. బకాయి బిల్లులు చేసిందీ నేనే, ఈసారి చెయ్యి ఎక్కడా ఆగలేదు. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది. కానీ జీతం చేసిన పనికి రావాల్సిన హక్కు అనీ, పింఛను గడిచిన సర్వీసుకి చెల్లింపు అనీ, ఆలస్యం చేశాక వడ్డీ ఇవ్వక తప్పదనీ తేల్చింది.

మామయ్య గారు పేపరు మడిచి నా ముందు పెట్టారు. “తారీఖు, వడ్డీ. ఆ రోజు జీవోలో లేనివి రెండూ కోర్టు రాసింది.” ఆ రోజు కాఫీ ఆయనే పెట్టారు, చక్కెర ఎక్కువైంది.

నాకు రెండు నెలల్లో ఆగింది దాదాపు 53 వేలు. కవరు వెనక లెక్క వేసుకున్నాను. ఎనిమిది నెలలకి 12 శాతమైతే నాలుగు వేల పైచిలుకు, 6 అయితే రెండు వేల పైచిలుకు. ప్రభుత్వం వైపు నుంచి చూస్తే, ఆ రెండు నెలలూ ఖజానాకి ఊపిరాడింది, నిజమే. ఆదాయం ఒక్కసారి ఆగిపోయినప్పుడు ఎవరింట్లోనైనా అదే చేస్తారు, రావాల్సినవాళ్ళని కాస్త ఆగమంటారు. కానీ అందులో మిగిలిందేమీ లేదు. సగం ఆపారు, ఆ సగమే తిరిగిచ్చారు, ఇంకా వడ్డీ తీర్పు నెత్తి మీద. ఆ ఎనిమిది నెలలూ మా రికార్డు రూముకి కట్టిన 72 వేలు మాత్రం పోయినవి పోయినట్టే.

ల్యాండ్‌లైను సంగతి చెప్పడం మరిచాను. అది తెగింది. ఏడు నెలలు పట్టింది.

తర్వాత పీఆర్సీ, అంటే వేతన సవరణ. ఈ కథ అందరికీ తెలుసు కాబట్టి నా బల్ల మీదికొచ్చినంత వరకే చెబుతాను. అశుతోష్ మిశ్రా కమిషన్ 27 శాతం ఫిట్‌మెంట్ (పాత బేసిక్ మీద పెంపు) సిఫారసు చేసింది. అధికారుల కమిటీ 14.29 చాలంది. 2022 జనవరిలో ప్రభుత్వం 23 ఖరారు చేసింది. మేము 2019 జూలై నుంచి తీసుకుంటున్న మధ్యంతర భృతే 27. నా పాత బేసిక్ 28,940 మీద 27 శాతం అంటే 7,814, 23 శాతం అంటే 6,656. గుంటూరుకి 20 శాతం ఉన్న ఇంటద్దె భత్యం 16కి దిగింది. పే స్లిప్పులో మొత్తం మీద అంకె పెరిగిన మాట వాస్తవం, కానీ పెరిగింది ఎప్పటివో ఐదు కరువు భత్యాలు (డీఏలు) ఒక్కసారి కలిపినందువల్ల. మా వాళ్ళు దానికి రివర్స్ పీఆర్సీ అని పేరు పెట్టారు. డెబ్బయ్యేళ్ళు దాటిన పింఛనుదార్లకి ఇచ్చే 10 శాతం అదనపు పింఛను కూడా ఎత్తేశారు. మామయ్య గారికి అప్పుడు డెబ్బై రెండు. ఆయన ఏమీ అనలేదు. మందుల షాపు చీటీ మాత్రం నా చేత మళ్ళీ ఒకసారి కూడించారు.

కొత్త స్కేళ్ళతో బిల్లులు చేయొద్దని ఉద్యోగ సంఘాల పీఆర్సీ సాధన సమితి చెప్పింది. చేయకపోతే బిల్లుల మీద సంతకం పెట్టే డ్రాయింగ్ అధికారుల మీద, ఖజానా వాళ్ళ మీద చర్యలుంటాయని పై నుంచి మెమోలు వచ్చాయి. మధ్యలో నేను. సంఘం వాట్సాప్ గ్రూపులో రోజూ “బిల్లు గుమాస్తాలు జాగ్రత్త” అని మెసేజీలు. మా ఆఫీసరు గారు పిలిచి, “నేను మీకు చెయ్యమనీ చెప్పను, వద్దనీ చెప్పను, కానీ నా సర్వీసు ఇంకా తొమ్మిదేళ్ళుంది” అన్నారు. నాకు పదహారేళ్ళు ఉందని నేనూ అన్నాను. ఇద్దరం కాసేపు కిటికీ వైపు చూశాం. బిల్లు చేయలేదు. అయినా ఫిబ్రవరి 1న కొత్త స్కేళ్ళ ప్రకారమే జీతాలు ఖాతాల్లో పడ్డాయి. ఇన్నేళ్ళూ నేను లేకపోతే జీతాలు ఆగిపోతాయని అనుకునేదాన్ని. అది చూసి కాస్త గర్వభంగం కూడా అయింది, చెప్పుకోవాలి.

ఫిబ్రవరి 3న పీఆర్సీ మీద నిరసనగా ఛలో విజయవాడ. గుంటూరు నుంచి మేము ఆరుగురం ఆడవాళ్ళం పొద్దున రైలుకి బయల్దేరాం. పట్టుచీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని, ఒకావిడ చేతిలో పసుపు కుంకుమల పళ్ళెం. పోలీసులు ఆపి అడిగితే సత్యనారాయణపురంలో గృహప్రవేశం అని చెప్పాలని ముందే అనుకున్నాం. స్టేషను బయట ఒక మహిళా కానిస్టేబుల్ ఆపి, “ముహూర్తం ఎన్నింటికండీ?” అంది. మాలో ఒకామె పదిన్నర అంది, ఇంకొకామె పదకొండు అంది. ఆమె నవ్వాపుకుంటూ, “తొందరగా వెళ్ళండమ్మా” అని పక్కకి జరిగింది. ఆమెకీ అదే పీఆర్సీ కదా.

బీఆర్‌టీఎస్ రోడ్డు కొస నుంచి కొస దాకా మనుషులే. ఎండ, ఈలలు, డప్పులు. టీచర్లు, రెవెన్యూ వాళ్ళు, పింఛనుదార్లు. ఒక ముసలాయన చేతి కర్రకే ప్లకార్డు కట్టుకుని నిలబడ్డాడు. అంతమందిని ఒక్కచోట చూస్తే ఒళ్ళు గగుర్పొడిచింది, దాచుకోను. నేనూ గొంతు పోయేలా అరిచాను. మధ్యలో ఎప్పుడో, నీళ్ళ సీసా కోసం చెట్టు నీడకి వచ్చినప్పుడు, మా రికార్డు రూము అటెండరు కనిపించాడు. రెండేళ్ళుగా నాతో సరిగ్గా మాట్లాడని మనిషి తన దగ్గరున్న మజ్జిగ ప్యాకెట్ నా చేతిలో పెట్టాడు. “మీరొస్తారనుకోలేదు మేడమ్” అన్నాడు. నేనెందుకు రాననుకున్నాడో అడగలేదు. నాకు తెలుసు. పని గురించి మాట్లాడినవాళ్ళు జీతం గురించి మాట్లాడరని అతని లెక్క. సచివాలయంలో కూర్చున్నవాళ్ళ లెక్క దీనికి సరిగ్గా తిరగేస్తే వస్తుంది.

ఐదో తారీఖు రాత్రి చర్చలు ముగిశాయి. ఇచ్చిన మధ్యంతర భృతి రికవరీ చేయబోమన్నారు. ఇంటద్దె శ్లాబులు కొన్ని సవరించారు, సిటీ అలవెన్సు ఉంచారు. అదనపు పింఛను డెబ్బై దాటినవాళ్ళకి 7 శాతంగా తిరిగొచ్చింది, డెబ్బై ఐదు దాటితే 12. ఫిట్‌మెంట్ 23 దగ్గరే ఆగింది. పేపర్లో ఆ అంశాలన్నీ వరసగా చదివాను, తర్వాత మళ్ళీ మొదటినుంచి చదివాను. ప్రతిదీ శాతమే. ఇంత ఇస్తాం, ఇంత ఇవ్వం. ఏ ఆఫీసులో ఏ పని మానేయొచ్చో, ఏ సీటులో మనిషి ఎక్కువో ఏ సీటులో తక్కువో, ఎవరు ఎక్కడికి జరగాలో ఒక్క వాక్యం లేదు. ప్రభుత్వం అడగలేదు, మేమూ ఇస్తామనలేదు.

రిటైర్మెంటు వయసు 60 నుంచి 62 అయింది కదా, దాన్ని మాత్రం కొందరు సంస్కరణ అన్నారు. బిల్లు గుమాస్తాగా నాకది ఇంకో వాయిదాలానే కనిపించింది. రెండేళ్ళ పాటు గ్రాట్యుటీలు, లీవు ఎన్‌క్యాష్‌మెంట్లు ఖజానా నుంచి కదలవు. జూన్‌లో దిగిపోవాల్సిన మా సూపరింటెండెంట్ గారు ఇంకో రెండేళ్ళు ఉంటారు, ఆ కుర్చీ కోసం వరసలో ఉన్న నేనూ ఇంకో రెండేళ్ళు ఉంటాను. ఆయన మిఠాయి పంచారు. తీసుకున్నాను, సున్నుండ బాగుంది.

ఆ మధ్యాహ్నమే ఆయన పాత ఫైళ్ళు సర్దుతూ నా నోట్ ఫైలు పైకి తీశారు. “ఇది ఇంకా మీ పేరు మీద పెండింగ్ చూపిస్తోందమ్మా, నెలవారీ నివేదికలో బాగుండదు. ముగించేద్దాం.” నేను తలూపాను. ఎర్ర సిరా పెన్నుతో అట్ట మీద గుర్తు వేసి నా వైపు తోశారు.

ఎల్.డిస్.

దాన్ని గుడ్డ మూటలో కట్టి రికార్డు రూముకి పంపించాను. దాని కింద, బల్ల మీద, జనవరి నెల అద్దె బిల్లు ఉంది.